వినికిడి యంత్రంతో సెల్‌ఫోను: దీర్ఘకాల వాడకం తర్వాత ఒక దస్తావేజు లేఖరి సమీక్ష

అనంతపురంలో దస్తావేజులు రాయడం నా వృత్తి. క్రయపత్రమో, దానపత్రమో, భాగపరిష్కారమో రాయించుకోదలచినవాళ్లలో చాలామంది ముందుగా ఫోను చేసి, సర్వే నంబరు, విస్తీర్ణం, చెక్కుబందీ (నాలుగు దిక్కుల హద్దులు) చెప్పి, స్టాంపు డ్యూటీతో కలిపి మొత్తం ఎంతవుతుందో కనుక్కొని, ఆ తర్వాతే మనిషి రావడం ఇక్కడి పద్ధతి. ఇటువంటి పనిలో ఉన్నవాడికి ఫోను సరిగా వినబడకపోతే ఎదురయ్యే ఇబ్బంది, ఇంటి కబుర్లకు మాత్రమే ఫోను వాడేవారి ఇబ్బంది కంటే చాలా ఎక్కువ. నాకు రెండు చెవుల్లోనూ వినికిడి తగ్గి ఏళ్లు గడిచాయి. ఆడియోగ్రాం, అంటే వినికిడి పరీక్ష గీత ప్రకారం, తక్కువ స్థాయి (మంద్రంగా మోగే) శబ్దాల్లో లోపం కొద్దిదే గాని, 2000 హెర్ట్జ్ (సెకనుకు 2000 కంపనాలు) దాటిన సన్నని శబ్దాల దగ్గర గీత నిలువునా కిందికి దిగుతుంది. మొదట చాలాకాలం కుడి చెవికి మాత్రమే, చెవి వెనుక పెట్టుకునే, సెల్లు (బ్యాటరీ) వేసే యంత్రం వాడాను. ఇప్పుడు రెండు చెవులకూ బ్లూటూత్ ఉన్న ఛార్జింగ్ యంత్రాలు వాడుతున్నాను. ఈ రెండు రకాలనూ మామూలు బటన్ ఫోనుతోనూ, స్మార్ట్ ఫోన్లతోనూ కలిపి వాడిన మీదట నాకు తేలిన విషయం ఒక్కటే. యంత్రం ఎంత ఖరీదైనదనేది ఫోనులో మాట అర్థం కావడాన్ని అంతగా నిర్ణయించదు. అవతలి గొంతు ఏ దారిన చెవిలోకి వస్తున్నదనేది నిర్ణయిస్తుంది. ఆ దారులను గురించే ఈ సమీక్ష.

ముందు ఒక అపోహను తొలగించాలి. చెవి మిషను పెట్టుకున్నవాడికి ఫోను శబ్దం పెంచితే చాలునని ఇంట్లోవాళ్లూ అనుకుంటారు, ఫోను అమ్మేవాళ్లూ అనుకుంటారు. నా వంటి లోపం ఉన్నవాళ్లకు శబ్దం చాలకపోవడం అసలు సమస్య కాదు. మాట వినబడుతుంది, ఏమన్నారో తెలియదు. అచ్చుల బలం తక్కువ స్థాయి శబ్దాల్లో ఉంటుంది కాబట్టి అవి చెవిని చేరుతాయి. హల్లులను ఒకదాని నుంచి మరొకదాన్ని వేరుచేసే సూక్ష్మమైన శబ్దాలు పై స్థాయిల్లో ఉంటాయి కాబట్టి అవి జారిపోతాయి. ‘స’ వంటి అక్షరాల బలమంతా దాదాపు 4000 హెర్ట్జ్‌కు పైనే ఉంటుంది. పాత పద్ధతి ఫోను కాల్ 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకు ఉన్న శబ్దాన్ని మాత్రమే పంపుతుంది. అంటే నా చెవి పోగొట్టుకున్న భాగాన్ని యంత్రం తిరిగి అందిద్దామన్నా, ఆ భాగం అసలు తీగ దాటి రాదు. మసకగా వచ్చిన జిరాక్సు ప్రతిని ఎంత పెద్దది చేసి తీసినా అక్షరం తేటపడనట్లే, ఇటువంటి కాల్‌కు శబ్దం పెంచితే మసక కూడా పెరుగుతుంది.

ఈ విషయంలో పెద్ద మార్పు 4జి కాల్స్‌తో వచ్చింది. 2016 సెప్టెంబరులో జియో వచ్చినప్పుడు అందరూ ఉచిత డేటా గురించి మాట్లాడుకున్నారు. నా వంటివాళ్లకు మాత్రం ఆ కాల్స్‌లో అవతలి గొంతు వేరేగా వినబడటం అంతకంటే విశేషమనిపించింది. 4జి మీద నడిచే హెచ్‌డీ వాయిస్ కాల్ సుమారు 50 నుంచి 7000 హెర్ట్జ్ వరకు ఉన్న శబ్దాన్ని మోసుకొస్తుంది. యంత్రం అదే, చెవి అదే. అయినా ‘సెంట్లు’ అన్న మాటలో మొదటి అక్షరం ఊహించుకోనక్కరలేకుండా వినబడింది. అయితే రెండువైపులా 4జి ఉంటేనే ఈ లాభం. బెళుగుప్ప వైపు పల్లె నుంచి పాత బటన్ ఫోనుతో రైతు ఎవరైనా మాట్లాడితే ఆ కాల్ మళ్లీ ఇరుకైన పాత దారిలోకే వస్తుంది. వినికిడి యంత్రం వాడేవారు తమ ఫోనులో సిమ్ సెట్టింగుల్లోకి వెళ్లి 4జి కాలింగ్, అంటే వోల్టే, ఆన్‌లో ఉందో లేదో ఒకసారి చూసుకోవాలి. ఆ మీట ఆఫ్‌లో ఉన్నదని తెలియక యంత్రాన్ని రిపేరుకు పంపినవాళ్లను నేను చూశాను.

ఇక మొదటి దారి, అందరూ మొదట ప్రయత్నించేది, ఫోనును నేరుగా చెవి దగ్గర పెట్టుకోవడం. ఇది ఖర్చు లేనిది, ఏ ఫోనుతోనైనా పనికివచ్చేది. దీనికొక పద్ధతి ఉంది, దాన్ని అమ్మేవాళ్లు సాధారణంగా చూపించరు. చెవి వెనుక పెట్టుకునే యంత్రానికి మైకు చెవి పైభాగంలో, కొద్దిగా వెనుకకు ఉంటుంది. ఫోను మాట వచ్చే రంధ్రాన్ని చెవి రంధ్రానికి ఆనించడం పుట్టినప్పటి నుంచీ ఉన్న అలవాటు. కాని ఇప్పుడు వినేది చెవి రంధ్రం కాదు, ఆ మైకు. కాబట్టి ఫోనును రెండు మూడు వేళ్ల మందం పైకి జరిపి, వెనుకకు వంచి, మైకుకు ఎదురుగా, పూర్తిగా ఆనకుండా పట్టుకోవాలి. గట్టిగా ఆనిస్తే ‘కుయ్’ మని ఈల మొదలవుతుంది. చెవిలోకి వెళ్లిన శబ్దం పక్క సందుల్లో నుంచి బయటికి వచ్చి, ఫోను అద్దానికి తగిలి, మళ్లీ మైకులోకి దూరడమే ఆ ఈలకు కారణం. చెవి రంధ్రంలో దూర్చుకునే అచ్చు, అంటే మౌల్డు, వదులైనా ఇదే జరుగుతుంది.

ఈ పద్ధతిలో ఒక కొత్త చిక్కు ఉంది. ఫోను పైకి జరిగేసరికి దాని కింది మైకు నోటి దగ్గర నుంచి చెంప మీదికి వస్తుంది. నాకు అవతలివాళ్ల మాట బాగా వినబడుతుంటే, అవతలివాళ్లు మాత్రం “సార్, యాడో బాయిలో నుంచి మాట్లాడినట్లుంది” అనేవాళ్లు. పొడవుగా ఉండే ఇప్పటి ఫోన్లతో ఈ బాధ కాస్త తక్కువ; పొట్టి బటన్ ఫోన్లతో చాలా ఎక్కువ.

ఈల గురించి చెప్పాను కాబట్టి మరొక సంగతి. ఇప్పటి డిజిటల్ యంత్రాలు ఈలను పసిగట్టి, దానికి వ్యతిరేకమైన శబ్దాన్ని పుట్టించి అణచివేస్తాయి. అయితే నిలకడగా సాగే స్వరం ఏదైనా వాటికి ఈలలాగానే కనబడుతుంది. అందుకే ఎవరైనా వేణువు, సన్నాయి వినిపించే కాలర్ ట్యూన్ పెట్టుకుంటే, ఆ స్వరం నా చెవిలో వణుకుతూ, జీరపోతూ వస్తుంది. మొదటిసారి విన్నప్పుడు యంత్రం చెడిపోయిందని భయపడేవాళ్లు ఉంటారు, చెడిపోలేదు. సంగీతానికి వేరే ప్రోగ్రాం (యంత్రంలో ముందే సర్ది ఉంచే అమరిక) పెట్టమని ఆడియాలజిస్టును, అంటే వినికిడి నిపుణుణ్ణి అడిగితే అణచివేతను తగ్గించి పెడతారు.

రెండో దారి టెలికాయిల్. ఇప్పటి సన్నని యంత్రాల ప్రచారంలో దీని పేరే వినబడదు గాని, నాకు దీనిమీద గౌరవం ఇంకా తగ్గలేదు. యంత్రం లోపల ఉండే చిన్న తీగచుట్ట ఇది. ఫోను స్పీకరులో శబ్దంతో పాటు పుట్టే అయస్కాంత క్షేత్రాన్ని ఇది పట్టుకొని తిరిగి మాటగా మారుస్తుంది. యంత్రాన్ని టీ (టెలికాయిల్) ప్రోగ్రాంలో పెట్టగానే మైకు మూసుకుంటుంది. బయటి శబ్దం ఏదీ ఉండదు. నా ఆఫీసు ఉన్న వీధిలో పొద్దున పది నుంచి ఆటోల రొద, పక్కనున్న జిరాక్సు కొట్టు మిషన్ల చప్పుడు, వరండాలో కక్షిదారుల వాదన అన్నీ కలిసి ఉంటాయి. మీట ఒక్కసారి నొక్కితే అదంతా ఆగిపోయి, ఫోనులోని గొంతు ఒక్కటే మిగలడం ఎంత సుఖమో ఆ వీధిలో కూర్చున్నవాడికే తెలుస్తుంది. పైగా మైకే లేదు కాబట్టి ఈల పుట్టే ప్రసక్తి లేదు; ఫోనును చెవికి ఎంత ఆనించినా ఫరవాలేదు.

ఇందులో రెండు లోపాలున్నాయి. మొదటిది, ఇల్లు, ఆఫీసు కరెంటు తీగల నుంచి వచ్చే 50 హెర్ట్జ్ అయస్కాంత క్షేత్రాన్ని కూడా ఈ చుట్ట పట్టుకుంటుంది. నా బల్ల కింద ఇన్వర్టరు ఉండేది. కరెంటు పోయి ఇన్వర్టరు అందుకోగానే టీ ప్రోగ్రాంలో ‘గుయ్’ మని జోరీగ శబ్దం, దానిమీద సర్వే నంబర్లు. ఇన్వర్టరును గది అవతలి మూలకు మార్పించిన తర్వాత ఆ రొద చాలావరకు పోయింది. కుర్చీ తిప్పుకొని తల దిశ మార్చినా తగ్గుతుంది. రెండో లోపం ఫోన్లది. పాత ల్యాండ్‌లైన్ రిసీవరులో బలమైన అయస్కాంత క్షేత్రం ఉండేది, దానితో టెలికాయిల్ అద్భుతంగా పనిచేసేది. సెల్‌ఫోన్లలో ఒక్కొక్కటి ఒక్కొక్క తీరు. అమెరికాలో వినికిడి యంత్రంతో సరిపడే ఫోన్ల గురించి 1988లోనే చట్టం వచ్చింది, 2003లో దాన్ని సెల్‌ఫోన్లకు కూడా వర్తింపజేశారు. అక్కడి ఫోన్ల వివరాల్లో ఎం3, ఎం4, టీ3, టీ4 అని గుర్తులు వేస్తూ వచ్చారు. ఎం అంటే మైకుతో వాడినప్పుడు, టీ అంటే టెలికాయిల్‌తో వాడినప్పుడు ఆ ఫోను ఎంత బాగా సరిపడుతుందనే కొలత. అంకె పెద్దదైతే మంచిది. మన ఊళ్లో నేను తిరగేసిన ఫోను పెట్టెల మీద ఈ గుర్తు ఎక్కడా కనబడలేదు. అయితే అదే మోడలు విదేశాల్లోనూ అమ్ముతుంటే, కంపెనీ వెబ్‌సైటులో దాని వివరాల్లో దొరకవచ్చు. కొన్ని ఫోన్లలో కాల్ సెట్టింగుల కింద ‘హియరింగ్ ఎయిడ్స్’ అనే మీట ఉంటుంది. దాన్ని ఆన్ చేస్తే టెలికాయిల్‌కు అనువుగా శబ్దాన్ని సర్దుతుంది. నా ఫోనులో దానివల్ల వచ్చిన తేడా స్వల్పమే, కాని ఉంది.

ఫోను దగ్గరికి రాగానే యంత్రంలో ‘బర్ర్’ మని వచ్చే రొద గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే ఇది కాలం చెల్లుతున్న బాధ. 2జి ఫోను తన సంకేతాన్ని ఎడతెగకుండా పంపదు. సెకనుకు 217 సార్లు చొప్పున విడతలుగా పంపుతుంది. ఆ విడతల దెబ్బ యంత్రంలోని తీగలకు తగిలి, రొదగా వినబడుతుంది. సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట ఫోను తన బలాన్ని పెంచుకుంటుంది కాబట్టి, కళ్యాణదుర్గం దారిలో టవరుకు దూరంగా ఉన్నప్పుడు ఈ రొద మరీ ఎక్కువగా ఉండేది. 4జి కాల్‌లో నాకు ఇది దాదాపు లేదు.

మూడో దారి బ్లూటూత్. ఇక్కడ కాస్త విడమరచి చెప్పాలి, ఎందుకంటే జనం ఎక్కువ డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. యంత్రం అమ్మే చోట “బ్లూటూత్ ఉంది సార్” అంటారు. ఆ మాటలో మూడు వేర్వేరు సంగతులు దాగి ఉండవచ్చు. ఒకటి, ఫోనులోని యాప్‌తో యంత్రం శబ్దాన్ని పెంచుకోవడం, తగ్గించుకోవడం మాత్రమే. కాల్ మాట యంత్రంలోకి రాదు. రెండు, కాల్ మాట నేరుగా రెండు చెవుల్లోకి వస్తుంది గాని, మన మాట మాత్రం ఫోను మైకు ద్వారానే పోతుంది. మూడు, వినడం, మాట్లాడటం రెండూ యంత్రం ద్వారానే జరుగుతాయి. ఫోను జేబులో ఉన్నా ఫరవాలేదు. నాకు అమ్మినవారు ఈ తేడా చెప్పలేదు. యంత్రాలు ఇంటికి తెచ్చిన తర్వాత అప్పటి నా ఫోనుతో యాప్ మాత్రం పనిచేసింది, కాల్ చెవిలోకి రాలేదు. తిరిగి వెళ్లి అడిగితే “ఐఫోన్ అయితే వస్తుంది సార్” అన్నారు. యంత్రానికి పెట్టిన డబ్బు చాలక ఫోనుకు మళ్లీ పెట్టవలసి రావడం న్యాయం కాదని నేను వాదించాను. వాదనకు ఫలితం మాత్రం రాలేదు.

దీనికి కారణం సాంకేతికమైనది, కొనేముందు అందరూ తెలుసుకోవలసినది. ఐఫోన్‌తో నేరుగా కలిసే వినికిడి యంత్రాలు 2014 నుంచి మార్కెట్లో ఉన్నాయి. ఆ పద్ధతి ఆపిల్‌ది, ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉండదు. ఆండ్రాయిడ్ కోసం గూగుల్ 2018లో ఆషా అనే పద్ధతిని ప్రకటించింది, మరుసటి ఏడు వచ్చిన ఆండ్రాయిడ్ 10తో అది ఫోన్లలోకి వచ్చింది. ఆండ్రాయిడ్ 10 గాని, ఆ తర్వాతిది గాని ఉన్నంత మాత్రాన ప్రతి ఫోనులోనూ అది ఉంటుందని కాదు. ఫోను తయారుచేసినవారు చేర్చి ఉండాలి. తక్కువ ధర ఫోన్లలో చేర్చనివి ఎన్నో ఉన్నాయి. కొన్ని యంత్రాలు మాత్రం ఇవేవీ కాకుండా మామూలు బ్లూటూత్ ఇయర్‌ఫోనులాగానే కలుస్తాయి. వాటికి ఐఫోన్, ఆండ్రాయిడ్ భేదం లేదు, బ్లూటూత్ ఉన్న బటన్ ఫోను అయినా చాలు. ఇక ఎల్‌ఈ ఆడియో అనే కొత్త పద్ధతిని 2020లో ప్రకటించారు, ఆండ్రాయిడ్ 13 నుంచి ఫోన్లలో దానికి చోటు దొరికింది. ముందుముందు అన్ని కంపెనీలూ ఈ ఒక్క దారికే వస్తే ఈ తికమక తగ్గవచ్చు. ప్రస్తుతానికి చేయవలసింది, యంత్రం కంపెనీ వెబ్‌సైటులో ఉండే ‘సరిపడే ఫోన్ల’ జాబితాలో మీ ఫోను మోడలు పేరు అక్షరం పొల్లుపోకుండా ఉందో లేదో చూసుకోవడం. చివర ఒక అక్షరం తేడా ఉన్నా అది వేరే ఫోనే.

నేను చివరకు ఆషా ఉన్న ఆండ్రాయిడ్ ఫోను తీసుకున్నాను, అది పై మూడింటిలో రెండో తరగతికి చెందుతుంది. దీనితో కాల్ ఎలా ఉంటుందంటే, ఫోను మోగగానే ఆ మోత నా చెవుల్లోనే వినబడుతుంది; పక్క గదిలో ఛార్జింగులో ఉన్నా తెలుస్తుంది. ఎత్తగానే అవతలి గొంతు తలకు సరిగ్గా మధ్యలో నిలబడి మాట్లాడుతున్నట్లు ఉంటుంది. ఒక చెవితో విన్నదానికీ, రెండు చెవులతో విన్నదానికీ ఉన్న తేడా నేను ఊహించినదానికంటే చాలా పెద్దది. నా అంచనాలో ఈ యంత్రాలకు పెట్టిన డబ్బులో సగం విలువ ఈ ఒక్క గుణానిదే. నా మాట ఫోను మైకులోకి పోవాలి కాబట్టి, ఫోనును బల్ల మీద నా వైపు తిప్పి పెట్టుకుంటాను, లేదా కింది అంచు నోటికి జానెడు దూరంలో ఉండేలా పట్టుకుంటాను. చొక్కా జేబులో పెట్టి మాట్లాడితే గుడ్డ రాపిడి అవతలివాళ్లకు వినబడుతుంది.

దీనివల్ల నా వృత్తికి కలిగిన మరొక మేలు ఉంది, ఇది ఏ కంపెనీ కరపత్రంలోనూ రాసి ఉండదు. వినికిడి లోపం ఉన్నవాళ్లు సామాన్యంగా స్పీకరు పెట్టి మాట్లాడతారు. భూమి ధర ఎంతకు తెగిందో, అన్నదమ్ముల్లో ఎవరికి ఏ చెక్క వస్తున్నదో గది నిండా మనుషులుండగా స్పీకరులో మోగడం మా పనిలో పనికిరాదు. నా చేతిలో ఫోను తెర పైకి ఉండటం చూసి ఇప్పటికీ కొందరు కంగారు పడి “సార్, స్పీకర్ ఆపండి” అంటారు. మాట నా చెవుల్లో తప్ప ఎక్కడా లేదని చెప్పి నమ్మించవలసి వస్తుంది.

లోపాలు చెప్పకపోతే ఇది సమీక్ష కాదు. కాల్ నడుస్తున్నంతసేపు యంత్రం తన మైకులను బాగా తగ్గిస్తుంది. ఎదురుగా కూర్చున్నవాళ్లు పలకరించినా తెలియదు, రోడ్డు మీద నడుస్తుంటే వెనుక లారీ హారను తెలియదు. యాప్‌లో బయటి శబ్దాన్ని ఎంత కలపాలో నిర్ణయించుకునే వీలుంది. నేను వీధిలో ఉన్నప్పుడు దాన్ని పెంచుకుంటాను, బండి మీద ఉన్నప్పుడు కాల్ ఎత్తనే ఎత్తను. అప్పుడప్పుడూ ఒక చెవి యంత్రం కలిసి, రెండోది కలవదు. వాట్సాప్ కాల్‌లో ఒక్కోసారి మాట యంత్రంలోకి రాకుండా ఫోను స్పీకరులోకి పోతుంది. కాల్ తెర మీద ఉండే స్పీకరు గుర్తును నొక్కి, యంత్రం పేరును ఎంచుకోవాలి. వీటిలో ఏదీ భరించలేనిది కాదు గాని, వృద్ధులకు కొనిచ్చే పిల్లలు ఈ తెరను వాళ్లకు ఒకటికి రెండుసార్లు చూపించి వెళ్లాలి.

దారి ఎంత మంచిదైనా, మాట్లాడేవారి తీరును బట్టి కూడా ఫలితం ఉంటుంది. వినబడదని తెలిసి అరిచేవాళ్లతో కష్టం ఎక్కువ, ఎందుకంటే యంత్రం పెద్ద శబ్దాన్ని నొక్కిపట్టి చిన్నది చేస్తుంది, ఆ నొక్కుడులో మాట నలుగుతుంది. నిదానంగా, మామూలు గొంతుతో మాట్లాడేవాళ్ల మాట తేటగా వస్తుంది. చిన్నపిల్లల సన్నని గొంతు నాకు ఇప్పటికీ కష్టమే. బెంగళూరులో ఉన్న మనవరాలితో వీడియో కాల్‌లోనే మాట్లాడతాను, పెదవుల కదలిక కనబడితే సగం మాట అందులోనే దొరుకుతుంది. అంకెల విషయంలో మాత్రం ఏ యంత్రాన్నీ నమ్మను. ఇరవై, అరవై ఫోనులో ఒకటిగానే వినబడతాయి. సబ్ డివిజను అక్షరాల్లో బి, డి మరీ ప్రమాదం. అందువల్ల అంకెలను విడివిడిగా, రెండు సున్నా అనో, ఆరు సున్నా అనో చెప్పించుకుంటాను, అక్షరమైతే “బళ్లారి బి నా, ధర్మవరం డి నా అప్పా?” అని అడుగుతాను. ఇప్పుడు మా కక్షిదారులు కొందరు అడగకముందే “ధర్మవరం డి సార్” అంటున్నారు. ఆ తర్వాత కూడా పట్టాదారు పాసు పుస్తకం, 1బి (భూమి హక్కుల రికార్డు) కాగితం ఫోటో వాట్సాప్‌లో పంపమనడం తప్పనిసరి. చెవి బాగున్న లేఖరులు కూడా పాటించవలసిన పద్ధతే ఇది.

మాటను అక్షరాలుగా చూపించే సదుపాయం గురించి కూడా చెప్పాలి. గూగుల్ 2019లో విడుదల చేసిన లైవ్ ట్రాన్‌స్క్రైబ్ యాప్ తెలుగు మాటను తెర మీద తెలుగు అక్షరాల్లో చూపిస్తుంది. ఎదురుగా ఉన్న మనిషితో మాట్లాడటానికి ఇది బాగా పనికివస్తుంది. కాల్ నడుస్తుండగా అదే ఫోనులో ఇది పనిచేయదు కాబట్టి, ఇంట్లో ఉన్నప్పుడు ఒక ఫోనులో స్పీకరు పెట్టి, పక్కన రెండో ఫోనులో ఈ యాప్ తెరిచి పెట్టి చూశాను. పుస్తక భాషలో మాట్లాడే బ్యాంకు ఉద్యోగి మాటలు దాదాపు తప్పులు లేకుండా వచ్చాయి. మా వైపు యాసలో “ఎప్పుడొస్తాండావు, కాయితాలు రెడీ అయినాయా” అన్నప్పుడు తెర మీద వచ్చిన వాక్యం చదివి మా ఇంటావిడ చాలాసేపు నవ్వింది. ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు దీనిమీద వదిలేయకూడదు.

ఇక మన వాతావరణం. సెల్లు వేసే యంత్రాల్లో వాడేవి జింక్ ఎయిర్ సెల్లులు. సైజును స్టిక్కరు రంగే చెబుతుంది. పసుపు 10, గోధుమ 312, నారింజ 13, నీలం 675. స్టిక్కరు పీకిన తర్వాత గాలి లోపలికి వెళ్తేనే సెల్లు పని మొదలుపెడుతుంది, కాబట్టి పీకగానే వేయకుండా ఒకటి రెండు నిమిషాలు ఆగి వేయాలి. ఆ గాలి రంధ్రాల గుండానే లోపలి తేమ కూడా ఆవిరవుతుంది. 42 డిగ్రీలు దాటే మన ఎండాకాలపు పొడిగాలిలో స్టిక్కరు పీకిన సెల్లు వానాకాలంలో ఉన్నంతకాలం ఉండదు, వాడకపోయినా ఎండిపోతుంది. ఒకేసారి నాలుగు అట్టలు కొని పెట్టుకునేవాళ్లు వాటిని కిటికీ దగ్గర, బండి డిక్కీలో పెట్టకూడదు. ఛార్జింగ్ యంత్రాలకు ఈ బాధ లేదు గాని, వాటికి వేరే లెక్క ఉంది. బ్లూటూత్‌లో కాల్స్ ఎక్కువ మాట్లాడిన రోజు ఛార్జింగ్ తొందరగా తగ్గుతుంది. రిజిస్ట్రేషన్లు ముమ్మరంగా ఉండే మంచి ముహూర్తపు రోజున సాయంత్రానికే ఛార్జింగ్ తగ్గిపోయిందని యంత్రం చెవిలో హెచ్చరిస్తుంది. మధ్యాహ్నం భోజనం చేసేటప్పుడు డబ్బాలో పెట్టి కాసేపు ఛార్జింగు ఇవ్వడం అలవాటు చేసుకున్నాను. చెమట రెండు రకాలకూ శత్రువే. రాత్రిపూట సిలికా గుళికలున్న డబ్బాలో పెట్టుకోవాలి, గుళికల రంగు మారితే కొత్తవి మార్చాలి. కాల్‌లో మాట ఒకవైపు మెల్లగా తగ్గిపోతున్నదంటే ఫోనునో, నెట్‌వర్కునో తిట్టేముందు, చెవిలో దూరే స్పీకరు కొనకు ఉండే గులిమి జాలీని చూడండి. చాలాసార్లు దోషం అక్కడే ఉంటుంది, కొత్త జాలీ వేయడం నిమిషం పని.

ధర విషయంలో ఒక్క మాట. వినికిడి యంత్రాల మీద జీఎస్టీ లేదు. బిల్లులో వేస్తే అడగవచ్చు. కేంద్ర ప్రభుత్వం 1981 నుంచి నడుపుతున్న అడిప్ పథకం కింద, ఆదాయ పరిమితికి లోబడి, యంత్రాలు శిబిరాల్లో ఇస్తారు. దానికి వైకల్య ధ్రువపత్రం కావాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో రెండు చెవుల్లోనూ 60 డెసిబెల్స్ నుంచి లోపం ఉంటేనే లెక్కలోకి వస్తుంది. నావలె పై స్థాయి శబ్దాల్లో మాత్రమే ఎక్కువగా పోయినవాళ్లకు ఆ కొలత అందదు, ఫోనులో పడే పాట్లు మాత్రం తక్కువ కావు. ఈ విషయంలో చట్టం లెక్క నాకు సంతృప్తికరంగా అనిపించలేదు.

కొనబోయేవారికి నేను చెప్పేది, ట్రయల్ ఇచ్చే చోటికే వెళ్లండి, మీ ఫోను మీ చేతిలో ఉండగా వెళ్లండి. అక్కడి నిశ్శబ్దమైన గదిలో ఆడియాలజిస్టు గొంతు అందరికీ బాగానే వినబడుతుంది. బయటికి వచ్చి, వీధిలో నిలబడి, మీకు రోజూ ఫోను చేసేవాళ్లలో అందరికంటే కష్టంగా వినబడే మనిషి చేత కాల్ చేయించుకోండి. ఒక పది అంకెల నంబరు చెప్పమని, రాసుకొని, తిరిగి చదివి వినిపించండి. మైకుతో ఒకసారి, టెలికాయిల్ ఉంటే దానితో ఒకసారి, బ్లూటూత్‌తో ఒకసారి. ఏ దారిలో అంకెలు తప్పులేకుండా వస్తే మీకు అదే సరైనది. అది అన్నింటికంటే చవకైన దారి అయినా సరే. ఫోను కోసం విడిగా ఒక ప్రోగ్రాం పెట్టి, అందులో కింది స్థాయి శబ్దాలను కొంత తగ్గించమని అడగండి. నా విషయంలో కాల్ తేటపడటానికి ఈ చిన్న సర్దుబాటు ఎంతో తోడ్పడింది.

ఇప్పటి యంత్రాలు నాకు సంతృప్తిగానే ఉన్నాయి, మార్చే ఆలోచన లేదు. ఎల్‌ఈ ఆడియో యంత్రాలు చూశాను గాని, వాటికోసం ఫోనూ, యంత్రాలూ రెండూ ఒకేసారి మార్చడం నా వరకు అనవసరం. పాత సెల్లు యంత్రాన్ని పారేయలేదు; ఛార్జింగ్ అయిపోయిన సాయంత్రాల్లో టెలికాయిల్‌తో అదే ఆదుకుంటుంది. ఫోను సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వచ్చినప్పుడు మాత్రం జాగ్రత్తగా ఉంటాను, దాని తర్వాత యంత్రాలు కలవకపోవడం ఒకటికి రెండుసార్లు జరిగింది. అటువంటప్పుడు బ్లూటూత్ జాబితాలో రెండు యంత్రాల పేర్లనూ తొలగించి, ఫోనును ఒకసారి ఆపి ఆన్ చేసి, యంత్రాలను ఛార్జింగ్ డబ్బాలో పెట్టి తీసి, మళ్లీ కొత్తగా జతచేస్తే సరిపోతుంది. అప్‌డేట్‌ను పనిరోజు పొద్దున కాకుండా శనివారం రాత్రి చేసుకోవడం మేలు.